మిర్చి యార్డు కాటా స్క్రీన్: డెల్ఫీ నుంచి బ్రౌజర్‌కి వస్తూ లైబ్రరీని ఎంచుకున్న తీరు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం, దానికి అనుబంధంగా ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ. రెండింటి లెక్కలూ చూసే సాఫ్ట్‌వేర్ విండోస్ ప్రోగ్రాంలు రాసే డెల్ఫీ 7 అనే పనిముట్టుతో నేను రాసిందే. డెల్ఫీ 7 వచ్చింది 2002లో. అందులో కంపైల్ చేసిన ప్రోగ్రాం విండోస్ ఎక్స్‌పీలో నడిచింది, ఇప్పుడు విండోస్ 11లోనూ నడుస్తోంది. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఇక్కడ జవాబు దుకాణం వాళ్ల దగ్గరే ఉంది. షావుకారు గారు ఊళ్లో లేనప్పుడు ఆ రోజు అమ్మకాలు ఫోన్‌లో చూసుకోవాలి. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయో యార్డులోని దుకాణానికి అప్పటికప్పుడు తెలియాలి. ఖర్చుల నిబంధన ఒకటి మారితే నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రతి కంప్యూటర్ దగ్గరికీ తిరిగే పద్ధతి పోవాలి. ఇవన్నీ డెస్క్‌టాప్‌లోనూ చేయొచ్చు. కానీ ఆ శ్రమ బ్రౌజర్‌కి మారే శ్రమ కంటే తక్కువేమీ కాదు.

అలా బ్రౌజర్ అని తేలింది. ఆ తర్వాతే అసలు చిక్కు: స్క్రీన్లు కట్టడానికి తోడ్పడే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ, ఏది?

ఏళ్ల తరబడి డెస్క్‌టాప్ రాసినవాళ్లకి మొదట తోచే ప్రశ్న 'మన డెల్ఫీకి దగ్గరగా ఉండేది ఏది' అని. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన కుర్రాళ్లని అడిగితే 'అందరూ వాడేది రియాక్ట్ కదా సార్' అంటారు. రెండు మాటల్లోనూ పస ఉంది గానీ నిర్ణయం తీసుకోవడానికి రెండూ చాలవు. పోలిక చూసి ఎంచుకుంటే పైపై రూపం కలుస్తుంది, లోపలి నడక కలవదు. ప్రజాదరణ చూసి ఎంచుకుంటే వేరేవాళ్ల అవసరాలకి తగింది మన నెత్తికెక్కుతుంది. నేను నమ్మిన పద్ధతి వేరు. మన సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే కష్టమైన స్క్రీన్ ఒకటి తీసుకోవాలి. దాన్నే ప్రతి లైబ్రరీలో కట్టి, రోజూ దాని మీద పనిచేసే మనిషి ముందు పెట్టాలి. లాగిన్ పేజీలు, రైతుల జాబితాలు, నెలవారీ రిపోర్టులు ఏ లైబ్రరీలోనైనా వస్తాయి. వాటితో తేడా తెలియదు.

ఆ స్క్రీన్

మాకు అది కాటా స్క్రీన్. రైతు సరుకు తెస్తాడు. ఒక లాట్‌లో పదుల కొద్దీ టిక్కీలు, ఒక్కోటి నలభై కిలోల పైచిలుకు. ప్రతి టిక్కీ కాటా మీద ఎక్కుతుంది, ప్రతి తూకం విడిగా నమోదవుతుంది. స్క్రీన్ పైభాగంలో రైతు పేరు, ఊరు, లాట్ నంబరు, రకం. మధ్యలో తూకాల గళ్లు. కుడివైపు మొత్తం కిలోలు, క్వింటా ధర, కమీషన్, హమాలీ వగైరా ఖర్చులు పోను రైతుకి రావాల్సిన సొమ్ము. చివర పట్టీ (లెక్క చీటీ) ప్రింటు. ఫిబ్రవరి నుంచి మే వరకూ సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు ఈ స్క్రీన్ మీద గుమస్తా చెయ్యి ఆగదు. మౌస్ ముట్టుకోడు.

ఆయన నాకంటే పెద్దవాడు, ఈ సాఫ్ట్‌వేర్ పుట్టినప్పటి నుంచీ దాని మీదే పని. కొత్త స్క్రీన్ నమూనా చూపించినప్పుడు ఒకటే మాట అన్నాడు: "నా కళ్లు కాటా మీద ఉంటాయి బాబూ, నీ స్క్రీన్ మీద కాదు. ఎంటర్ కొడితే కిందికి దిగాలంతే." "అలాగే బాబాయ్" అన్నాను. పరీక్ష పత్రం ఆయన చేతిలో ఉందని అక్కడే తేలిపోయింది. ఎంటర్ కొడితే కర్సర్ కింది గడికి దిగాలి, ఆ మధ్యలో కొట్టిన ఒక్క అంకె కూడా జారిపోకూడదు. కాటా నుంచి తూకం నేరుగా వస్తుంటే ఎంటర్ మాత్రమే కొడతాడు. తీగ ఊడితే చేత్తో కొడతాడు. రెండూ ఒకే గడిలో పడాలి.

డెల్ఫీలో ఈ ఎంటర్ సంగతి రెండు లైన్ల పని: కీ 13 వస్తే ఫోకస్‌ని తర్వాతి కంట్రోల్‌కి పంపడం. బ్రౌజర్‌లో దీని వెనుక చాలా ఉంది, లైబ్రరీల తేడా ఇక్కడే బయటపడుతుంది. ఎంటర్ కొట్టగానే కొత్త గడి పుట్టాలి, పుట్టిన గడిలోకి ఫోకస్ వెళ్లాలి. ఆధునిక లైబ్రరీలలో మనం డేటాకి ఒక వరస చేరిస్తే స్క్రీన్ మీద గడి ఆ క్షణంలోనే పుట్టదు. లైబ్రరీ మార్పులన్నీ పోగుచేసి కాస్త తర్వాత ఒకేసారి గీస్తుంది. ఉదాహరణకి వ్యూ అనే లైబ్రరీలో అయితే, గీయడం అయిందని చెప్పే నెక్స్ట్‌టిక్ కోసం ఆగి, ఆ తర్వాత ఫోకస్ ఇవ్వాలి. ఈ ఆగడం మైక్రోటాస్క్‌గా జరుగుతుంది, అంటే తర్వాతి కీ ఈవెంట్ కంటే ముందే పూర్తవుతుంది. కాబట్టి ఎంత వేగంగా కొట్టినా అంకె జారదు. అదే ఎంటర్‌కీ ఫోకస్‌కీ మధ్య 'ముందు సర్వర్లో సేవ్ చేద్దాం' అని ఒక నెట్‌వర్క్ కాల్ పెడితే అంతా తలకిందులవుతుంది. జవాబు వచ్చేలోగా గుమస్తా కొట్టిన అంకెలు పాత గడిలోనే పడతాయి. అందుకే మా నియమం: ఎంటర్ నుంచి ఫోకస్ వరకూ మధ్యలో నెట్‌వర్క్ ఉండకూడదు. తూకం ముందు బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో పడుతుంది, సర్వర్‌కి తీరిగ్గా వెళ్తుంది. యార్డులో నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఇది ఎలాగూ కావాల్సిందే.

నిజం ఎవరి దగ్గర ఉంటుంది

లైబ్రరీల పేర్లలోకి వెళ్లే ముందు డెస్క్‌టాప్ వాళ్లు తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. డెల్ఫీలో, దానిలాంటి వీబీ 6, విన్‌ఫార్మ్స్ డెస్క్‌టాప్ పనిముట్లలో టెక్స్ట్ బాక్స్‌లో ఉన్నదే నిజం. ఎడిట్1 డాట్ టెక్స్ట్ అని అడుగుతాం, అది చెప్పిందే విలువ. ఇప్పటి బ్రౌజర్ లైబ్రరీలు చాలావరకూ దీన్ని తిరగేస్తాయి. నిజం మన డేటా దగ్గర ఉంటుంది, స్క్రీన్ దాని నీడ. డేటా మార్చు, గీసే పని నాకొదిలెయ్ అంటుంది లైబ్రరీ. మైక్రోసాఫ్ట్ డెస్క్‌టాప్ పనిముట్టు డబ్ల్యూపీఎఫ్‌లో, డేటానీ స్క్రీన్‌నీ విడదీసే ఎంవీవీఎం పద్ధతి పాటించినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఆ పద్ధతినే 2010లో నాకౌట్ అనే లైబ్రరీతో బ్రౌజర్‌కి తెచ్చిన స్టీవ్ సాండర్సన్, తర్వాత మైక్రోసాఫ్ట్‌లో, సీ షార్ప్ భాషతో బ్రౌజర్ స్క్రీన్లు రాసే బ్లేజర్‌ని మొదలుపెట్టాడు. డెల్ఫీ నుంచి నేరుగా వచ్చేవాళ్లు మాత్రం ఇక్కడ కొంతకాలం ఆగాలి. ఫారం మీది బటన్ క్లిక్‌లో పది కంట్రోళ్లని ఒక్కొక్కటిగా ఎనేబుల్, డిసేబుల్ చేసే అలవాటు పోయి, 'ఈ లాట్ ఏ దశలో ఉంది' అన్న ఒక్క విలువ నుంచి ఆ పదీ వాటంతటవే తేలే పద్ధతి రావాలి.

అయితే డెల్ఫీ దగ్గర ఉన్న ఒక మంచి సంగతిని ఈ లైబ్రరీలు ఇవ్వవు. దాన్ని వదులుకోకూడదు. డెల్ఫీలో డేటాబేస్ రికార్డులని పట్టుకునే డేటాసెట్‌కి ఎడిట్, ఇన్సర్ట్ అనే స్థితులుంటాయి. రికార్డు మార్చడం మొదలుపెడితే అది చిత్తు ప్రతి. పోస్ట్ చేస్తే ఖాయం, క్యాన్సిల్ చేస్తే పాత విలువలు వెనక్కి. గుమస్తా ఎస్కేప్ కొడితే అంతా యథాతథం. వ్యూలో, గడినీ డేటానీ కలిపి కట్టే వి-మోడల్‌ని నేరుగా జాబితాలోని వరసకి కడితే ఒక్కో అంకె కొట్టేకొద్దీ అసలు జాబితా మారిపోతుంది, పక్కనున్న మొత్తాలు మారతాయి, ఎస్కేప్ కొట్టాక వెనక్కి వెళ్లడానికి పాత విలువ ఎక్కడా ఉండదు. రియాక్ట్‌లోనైనా, స్వెల్ట్ అనే ఇంకో లైబ్రరీలోనైనా ఈ చిత్తు ప్రతి ఏర్పాటు మనమే చేసుకోవాలి. మేము డేటాసెట్ నడకనే, బ్రౌజర్ భాష జావాస్క్రిప్ట్‌కి టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్‌లో చిన్న క్లాసుగా రాసుకున్నాం: మొదలుపెట్టు, ఖాయం చెయ్యి, రద్దు చెయ్యి. ఇందులో ఒక మెలిక ఉంది. వ్యూ డేటాని, మార్పులు కనిపెట్టే ప్రాక్సీ అనే తొడుగులో చుడుతుంది. దాన్ని బ్రౌజర్‌లోని స్ట్రక్చర్డ్‌క్లోన్‌తో నకలు తీయబోతే ఎర్రర్ ఇస్తుంది. ముందు టూరా ఫంక్షన్‌తో ప్రాక్సీ విప్పి, అప్పుడు నకలు తీయాలి.

టైప్‌స్క్రిప్ట్ గురించి ఒక మాట. దాన్ని 2012లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. రూపకర్తల్లో ముఖ్యుడు ఆండర్స్ హేల్స్‌బర్గ్. అంతకుముందు బోర్లాండ్‌లో డెల్ఫీకి ప్రధాన రూపశిల్పి ఆయనే, తర్వాత సీ షార్ప్‌కీ ఆయనే. డెల్ఫీ నుంచి వచ్చేవాళ్లకి టైప్‌స్క్రిప్ట్ చేతికి త్వరగా ఇమడటం నేను పదేపదే చూశాను. జావాస్క్రిప్ట్ అంటే భయపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: లైబ్రరీ సంగతి తర్వాత చూద్దాం, టైప్‌స్క్రిప్ట్‌ని ఖాయం చేసుకోండి.

బరిలో నిలిచినవి, ముందే తప్పుకున్నవి

డెస్క్‌టాప్‌కి చూడ్డానికి దగ్గరగా ఉండేది ఎక్స్ట్ జేఎస్. 2007 నుంచి ఉంది. ప్యానెళ్లు, బోర్డర్ లేఅవుట్, గ్రిడ్, స్టోర్ అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. డెల్ఫీ ఫారాలని బ్రౌజర్‌లో చూపించే యూనిగుయ్ కూడా లోపల దీన్నే వాడుతుంది. వందల ఫారాలున్న ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ని ఉన్నదున్నట్టు బ్రౌజర్‌లోకి దించాలంటే నేను ఇప్పటికీ దీన్ని తీసిపారేయను. మాకు కుదరనిది లైసెన్స్ ఖర్చు, తెలిసిన మనుషుల కొరత. యూనిగుయ్ విషయంలో ఇంకో ఇబ్బంది: ప్రతి వినియోగదారుడి ఫారం సర్వర్లో బతికి ఉంటుంది. నెట్ పోతే కాటా ఆగుతుంది. బ్లేజర్ సర్వర్ రకానికీ అదే చిక్కు. ప్రతి క్లిక్కూ సర్వర్ దాకా వెళ్లి రావాలి. బ్లేజర్‌లోనే, కోడ్ అంతా బ్రౌజర్ లోపలే నడిచే వెబ్‌అసెంబ్లీ రకం 2020 మేలో వచ్చింది, అది నెట్ లేకుండానూ నడుస్తుంది. సీ షార్ప్‌లో దిట్టలైన బృందం నన్ను అడిగితే ఆలోచించకుండా దాన్నే పరీక్షించమంటాను. మాది సీ షార్ప్ బృందం కాదు.

గూగుల్ తయారుచేసిన ఫ్లట్టర్ వెబ్‌ని పక్కన పెట్టడానికి కారణం తెలుగు. అది అక్షరాలని బ్రౌజర్‌తో రాయించదు, కాన్వాస్ మీద తానే గీస్తుంది. కావాల్సిన తెలుగు ఫాంట్ విడిగా తెచ్చుకోవాలి. పేజీలో వెతుకుదామని కంట్రోల్-ఎఫ్ కొడితే బ్రౌజర్‌కి ఆ పేజీలో అక్షరాలే కనపడవు. రైతుల పేర్లు తెలుగులో వెతకాల్సిన చోట ఇది నాకు ఒప్పుదల కాలేదు.

గూగుల్‌దే ఇంకొకటి, యాంగ్యులర్, డబ్ల్యూపీఎఫ్ వాళ్లకి బాగా నచ్చుతుంది. క్లాసులు, డిపెండెన్సీ ఇంజెక్షన్, ఫారాలు, రౌటింగ్ అన్నీ ఒకే చోట, ఒకే పద్ధతిలో ఉంటాయి. ఆరు నెలలకో పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి 18 నెలల మద్దతు. పెద్ద కంపెనీలో అప్‌గ్రేడ్ పనికని మనుషులుంటారు, మా దగ్గర ఉండరు. అలాగని మిగతావి నిలకడగా ఉన్నాయా అంటే అదీ కాదు. యాంగ్యులర్‌కి ముందు తరమైన యాంగ్యులర్‌జేఎస్ మద్దతు 2021 చివరితో ముగిసింది. వ్యూ 2 మద్దతు 2023 డిసెంబర్ 31తో ముగిసింది. రియాక్ట్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఏళ్ల తరబడి అందరూ వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టేశారు. 2002 నాటి ఈఎక్స్‌ఈ ఇంకా నడుస్తున్న చోటి నుంచి వచ్చేవాడు ఈ లెక్కలు ముందే చూసుకోవాలి. ఏది ఎంచుకున్నా అది మన సాఫ్ట్‌వేర్ కంటే ముందే పాతబడుతుంది అనుకునే నిర్మాణం మొదలుపెట్టాలి.

వేగం పోలికల జోలికి నేను పోలేదు. వెయ్యి వరసలు పుట్టించి, చెరిపి, కొలిచే పరీక్షలు బహిరంగంగా ఉన్నాయి, చదవదగ్గవే. కానీ ఒక లాట్‌లో ఉండేవి పదులు, మహా అయితే వందల తూకాలు. ఆ లెక్కకి ఏ లైబ్రరీ అయినా సరిపోతుంది.

చివరికి కాటా స్క్రీన్ కట్టి చూసింది రియాక్ట్, వ్యూ 3, స్వెల్ట్ 5లలో.

కాటా తీగ దగ్గర తేలిన తేడా

ఎలక్ట్రానిక్ కాటా సీరియల్ పోర్టు మీద తూకం పంపుతూనే ఉంటుంది. డెల్ఫీలో దీనికి కామ్‌పోర్ట్ కంపోనెంట్ వాడేవాళ్లం. బ్రౌజర్‌లో వెబ్ సీరియల్ అనే సదుపాయం క్రోమ్, ఎడ్జ్‌లకి 2021లో, 89వ వెర్షన్‌తో వచ్చింది. డెస్క్‌టాప్ క్రోమ్, ఎడ్జ్‌లలో నడుస్తుంది, ఐఫోన్‌లోని సఫారీలో లేదు. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. మొదటిసారి మనిషి బటన్ నొక్కి పోర్టు ఎంచి అనుమతి ఇవ్వాలి, తర్వాత నుంచి గెట్‌పోర్ట్స్ అడిగితే అనుమతించిన పోర్టు తిరిగి దొరుకుతుంది. తూకం ఒకే ముక్కగా వస్తుందని నమ్మకూడదు. '43.2' అన్నది ఒకసారి '4' గా, ఆ వెంటనే '3.2' గా రావచ్చు. లైను ముగింపు గుర్తు వచ్చేదాకా పోగుచేసి, అప్పుడే విలువగా తీసుకోవాలి. సగం ముక్కని తూకంగా తీసుకుంటే రైతు నష్టపోతాడు. ఈ ఒక్క చోట నేను ఎన్ని పరీక్షలు రాసినా ఎక్కువని అనుకోను.

ఈ తీగని స్క్రీన్‌కి కట్టేటప్పుడు రియాక్ట్‌కీ మిగతా రెంటికీ మధ్య మౌలికమైన తేడా కనిపించింది. డెస్క్‌టాప్ నుంచి వచ్చేవాళ్లు ఎంపిక చేసేముందు తెలుసుకోవాల్సింది, నా దృష్టిలో, అన్నిటికంటే ఇదే.

వ్యూ 3లో కంపోనెంట్ సెటప్ భాగం ఒక్కసారే నడుస్తుంది, డెల్ఫీలో ఫారం‌క్రియేట్ లాగా. పోర్టు అక్కడ తెరుస్తాం, చదివే లూప్ మొదలుపెడతాం, కంపోనెంట్ పోయేటప్పుడు మూస్తాం. మధ్యలో ఆ లూప్ 'ప్రస్తుతం ఏ గడి' అని చూస్తే ఎప్పుడూ తాజా విలువే దొరుకుతుంది, ఎందుకంటే ఆ విలువ ఒక పెట్టెలో ఉంది, పెట్టె మారదు, లోపలిదే మారుతుంది. స్వెల్ట్ 5 నడక కూడా ఇదే. రియాక్ట్‌లో కంపోనెంట్ అనేది ఒక ఫంక్షన్, స్క్రీన్ మారాల్సిన ప్రతిసారీ అది మొదటి నుంచి మళ్లీ నడుస్తుంది. ప్రతి నడకకీ దాని విలువలు దానివే. మొదటి నడకలో మొదలుపెట్టిన లూప్‌కి మొదటి నడకలోని విలువలే కనిపిస్తాయి. గుమస్తా ఏడో గడికి వచ్చినా లూప్ దృష్టిలో ఇంకా మొదటి గడే. దీనికి మందులున్నాయి: యూజ్‌రెఫ్ అనే పెట్టెలో తాజా విలువ పెట్టుకోవడం, లేదా 2025లో 19.2 వెర్షన్‌తో వచ్చిన యూజ్‌ఎఫెక్ట్‌ఈవెంట్ వాడటం. ఇంకొకటి కూడా ఉంది. అభివృద్ధి దశలో స్ట్రిక్ట్‌మోడ్ అనే తనిఖీ, పోర్టు తెరవడం లాంటి పనులుండే ఎఫెక్ట్‌ని ఒకసారి పెట్టి, తీసి, మళ్లీ పెడుతుంది. పోర్టు శుభ్రంగా మూయకపోతే రెండోసారి తెరవబోయి ఎర్రర్ వస్తుంది. ఇది రియాక్ట్ లోపం కాదు, మూసే కోడ్‌లో ఉన్న లోపాన్ని ముందే బయటపెట్టే ఏర్పాటు.

రియాక్ట్ పద్ధతి తప్పని నేను అనను. స్క్రీన్ అంతా డేటా నుంచి పుట్టే ఫంక్షన్ అన్న ఆలోచన చాలా శుభ్రమైనది. ఆ ఆలోచనే మిగతావాళ్లందరినీ మార్చింది. కానీ ఒక వస్తువుని పుట్టించి, దాన్ని చివరిదాకా పట్టుకుని, చివర విడుదల చేసే క్రమశిక్షణలో పెరిగిన ప్రోగ్రామర్‌కి, పైగా సీరియల్ పోర్టు లాంటి దీర్ఘకాలం బతికే వస్తువులున్న స్క్రీన్‌కి, ఒక్కసారే నడిచే సెటప్ సహజంగా కుదురుతుంది. మా బృందంలో ఈ కోడ్ చదివిన ప్రతివాళ్లూ వ్యూ ప్రతిని వివరణ అడగకుండానే అర్థం చేసుకున్నారు.

తెలుగులో ఎంటర్

డెల్ఫీ 7 కంట్రోళ్లకి, తెలుగు లాంటి లిపులని పట్టే యూనికోడ్ లేదు, అది డెల్ఫీ 2009తో వచ్చింది. అందుకే పాత సాఫ్ట్‌వేర్‌లో రైతుల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. కొత్తదాంట్లో తెలుగులో ఉండాలన్నది నా పట్టుదల. వినుకొండ నుంచో ఎర్రగొండపాలెం నుంచో సరుకు తెచ్చిన రైతు తన పట్టీ తాను చదువుకోగలగాలి.

విండోస్‌లోని ఫొనెటిక్ తెలుగు కీబోర్డుతో కొట్టేటప్పుడు పదం ఖాయమయ్యేదాకా అది కూర్పు దశలో ఉంటుంది. ఆ దశలో ఎంటర్ కొడితే పదాన్ని ఖాయం చెయ్యమని అర్థం, తర్వాతి గడికి వెళ్లమని కాదు. మన ఎంటర్ కోడ్ ఇది గమనించకపోతే 'వేంకటేశ్వర్లు' సగంలో ఉండగానే కర్సర్ దూకేస్తుంది. కీ ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ అన్న గుర్తు చూసి, అది ఉంటే చేతులు కట్టుకుని ఉండాలి. ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఈ దశ ఉండదు కాబట్టి దానితో మాత్రమే పరీక్షించేవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. వ్యూలో ఇంకో మెలిక: కూర్పు దశలో వి-మోడల్ విలువని మార్చదు. ఊరి పేరు కొడుతుండగా కింద జాబితా వడపోస్తూ రావాలంటే వి-మోడల్ వదిలి, ఇన్‌పుట్ ఈవెంట్‌ని నేరుగా పట్టుకోవాలి. వ్యూ డాక్యుమెంటేషన్‌లో ఇది స్పష్టంగా రాసి ఉంది. అయితే అక్కడి ఉదాహరణలు చైనీస్, జపనీస్, కొరియన్ భాషలవి కాబట్టి మనవాళ్లు మనకి కాదనుకుని దాటేస్తారు.

కీల సంగతిలోనే ఇంకొకటి. పాత సాఫ్ట్‌వేర్‌లో కొత్త లాట్‌కి కంట్రోల్-ఎన్. క్రోమ్ మామూలు ట్యాబ్‌లో ఆ కీ పేజీ చేతికి రాదు, కొత్త విండో తెరుచుకుంటుంది. ఎఫ్5ని ఆపొచ్చు గానీ ఆపకపోతే పేజీ రీలోడ్ అవుతుంది. గుమస్తాతో కూర్చుని, వేళ్లకి దూరం కాకుండా, మార్చాల్సినవి మాత్రమే మార్చాం.

రూపాయి దగ్గర

లైబ్రరీతో సంబంధం లేకపోయినా లైబ్రరీ ఎంపికని ప్రభావితం చేసిన విషయం ఇది. డెల్ఫీలో డబ్బుకి కరెన్సీ అనే టైప్ ఉంది, నాలుగు దశాంశ స్థానాల వరకూ కచ్చితంగా ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ, దశాంశాలని సుమారుగా పట్టే ఫ్లోటింగ్ పాయింటే. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అందుకని డబ్బుని పైసల్లో, తూకాన్ని గ్రాముల్లో, పూర్ణ సంఖ్యలుగా ఉంచాం. పూర్ణ సంఖ్యలని జావాస్క్రిప్ట్ 9,00,71,99,25,47,40,991 దాకా తేడా లేకుండా పట్టుకుంటుంది. పైసల్లో చూస్తే అది సుమారు 90 లక్షల కోట్ల రూపాయలు, యార్డుకి చాలు.

అసలు మెలిక రౌండింగ్‌లో ఉంది. డెల్ఫీలో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపు వెళ్తుంది: 12,344.50 అయితే 12,344, 12,345.50 అయితే 12,346. జావాస్క్రిప్ట్ మ్యాథ్ డాట్ రౌండ్ అక్కడ ఎప్పుడూ పైకే వెళ్తుంది: మొదటిది 12,345 అవుతుంది. అంటే పాత పట్టీని కొత్త సాఫ్ట్‌వేర్‌లో తీసి ప్రింటు చేస్తే అక్కడక్కడా రూపాయి తేడా వస్తుంది. రైతు దగ్గర పాత కాగితం ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఆ ఒక్క రూపాయితో మొత్తం సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం పోతుంది. కాబట్టి రౌండింగ్ నియమానికి తేదీ కట్టాం. పాత పట్టీలకి డెల్ఫీ నియమం, ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరం పట్టీలకి షావుకారు గారు ఒప్పుకున్న కొత్త నియమం.

ఇలాంటి కోడ్ ఏ లైబ్రరీ లోపలా ఉండకూడదు. తూకం, ధర, ఖర్చులు, రౌండింగ్, చిత్తు ప్రతి, సీరియల్ లైను విప్పడం: ఇవన్నీ ఒట్టి టైప్‌స్క్రిప్ట్‌లో, ఏ లైబ్రరీనీ ఇంపోర్ట్ చేయని ఫోల్డర్‌లో పెట్టాం. పాత సాఫ్ట్‌వేర్‌లోని గత సీజన్ పట్టీలన్నీ ఈ ఫోల్డర్‌లోని ఫంక్షన్ల మీద నడిపి, పైసాతో సహా సరిపోయేదాకా స్క్రీన్ జోలికి పోలేదు. ఇలా కట్టాక లైబ్రరీ ఎంపిక బరువు చాలా తగ్గింది. రేపు వ్యూ పోయినా తిరిగి రాయాల్సింది స్క్రీన్లే, లెక్కలు కాదు.

ఎందుకు వ్యూ

రియాక్ట్ వైపు బలమైన వాదన మనుషులు దొరకడం. గుంటూరులో గానీ హైదరాబాద్‌లో గానీ కొత్తగా వచ్చే కుర్రాళ్లకి తెలిసింది రియాక్టే. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. అయితే మా పనిలో కష్టమైన భాగమంతా లైబ్రరీ బయట ఉంది. లాట్ అంటే ఏమిటో, తేజ, 334 అనే మిర్చి రకాలకి ధరలు ఎందుకు వేరో నేర్చుకోవడానికి పట్టే సమయంతో పోలిస్తే రియాక్ట్ తెలిసినవాడు వ్యూ టెంప్లేట్లు నేర్చుకోవడం చిన్న పని. స్వెల్ట్ 5 నాకు వ్యక్తిగతంగా బాగా నచ్చింది, కోడ్ అన్నిటికంటే తక్కువగా వచ్చింది. కానీ 2024 అక్టోబర్‌లో వచ్చిన ఐదో వెర్షన్‌లో రూన్స్ పేరుతో రాసే తీరే మారింది, పాత వ్యాసాల్లోని ఉదాహరణలు అలాగే తీసుకుంటే కొత్తవాళ్లు గందరగోళపడతారు. చిన్న బృందానికి ఆ సమయంలో అది సరిపడదనిపించింది.

వ్యూలో ఫైలు ఒకటే, అందులో టెంప్లేట్ ఒక భాగం, స్క్రిప్ట్ ఒక భాగం. డెల్ఫీలో స్క్రీన్‌కి డీఎఫ్‌ఎం, కోడ్‌కి పాస్ అనే ఫైళ్ల జంటకి అలవాటుపడ్డ కళ్లకి చోటు వెతుక్కోనక్కర్లేదు. పేజీల మధ్య తిప్పే రౌటర్, డేటాని ఒకచోట ఉంచే పీనియా స్టోర్ అధికారిక బృందానివే కాబట్టి వాటికోసం పది ప్యాకేజీల మధ్య ఎంచుకునే పని లేదు. బిల్డ్ ఏమీ లేకుండా ఒక్క స్క్రిప్ట్ ఫైలుగా కూడా నడుస్తుంది. ఆ ఫైలు మన దగ్గర భద్రపరుచుకుంటే చాలా ఏళ్ల తర్వాతైనా తెరవొచ్చు. వెనుక పెద్ద కంపెనీ లేకపోవడం దీని బలహీనత. ఇవాన్ యూ 2014లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు ఎక్కువగా విరాళాల మీద, స్పాన్సర్ల మీద నడుస్తుంది. ఇది తెలిసే తీసుకున్నాం.

బయటివాళ్లు రాసిన ప్యాకేజీల విషయంలో చేయి బిగబట్టాం. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే ప్రపంచమంతటా బిల్డులు ఆగిపోయాయి. తూకాల గళ్ల గ్రిడ్ మేమే రాసుకున్నాం, ఎందుకంటే మా గ్రిడ్‌కి కావాల్సింది వందల సదుపాయాలు కాదు, ఎంటర్ సరిగ్గా పనిచేయడం. డైలాగ్ పెట్టెలకి బ్రౌజర్‌లోనే ఉన్న డైలాగ్ ఎలిమెంట్ సరిపోయింది. 2022 నుంచి అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉంది. దాని చుట్టూ ప్రామిస్ ఇచ్చే చిన్న ఫంక్షన్ రాస్తే 'అడుగు, జవాబు కోసం ఆగు, ముందుకు పో' అన్న డెల్ఫీ షోమోడల్ తీరు అవెయిట్‌తో తిరిగి వచ్చింది. డెల్ఫీలో కంట్రోళ్లని అంచులకి కట్టే డాకింగ్, యాంకర్ల చోట, పేజీని అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్. ఇది నేర్చుకోవడానికి లైబ్రరీ కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా. లైబ్రరీలు మారతాయి, సీఎస్ఎస్ గ్రిడ్ బ్రౌజర్‌ది.

ప్రింటు మాత్రం బ్రౌజర్‌కి పూర్తిగా లొంగలేదు. దుకాణంలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, కార్బన్ ప్రతులతో వరస కాగితం. బ్రౌజర్ ప్రింటు పేజీని బొమ్మగా మార్చి డ్రైవర్‌కి పంపుతుంది, నెమ్మదిగా వస్తుంది, కాగితం చివర చింపే గీత తప్పుతుంది. విండోస్‌లో ప్రింటర్ డ్రైవర్ పట్టుకుని ఉన్న పరికరాన్ని, బ్రౌజర్‌లోని వెబ్ యూఎస్‌బీ సదుపాయం చేతిలోకి తీసుకోలేదు. అందుకని అదే కంప్యూటర్‌లో 127.0.0.1 (దాని సొంత చిరునామా) మీద వినే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాం. పేజీ దానికి పట్టీ వివరాలు పంపితే అది ప్రింటర్ కమాండ్లుగా మార్చి, విండోస్ స్పూలర్‌కి రా డేటాగా ఇస్తుంది. ఆ ప్రోగ్రాం డెల్ఫీలోనే రాశాను. ఆ పనికి అంతకంటే తగినది నా చేతిలో లేదు. డాట్ మ్యాట్రిక్స్‌లో అక్షరాల కమాండ్లతో తెలుగు రాదు కాబట్టి దుకాణం ప్రతి ఇంగ్లీషులో, రైతు ప్రతి తెలుగులో లేజర్ ప్రింటర్ మీద బ్రౌజర్ నుంచే వస్తుంది.

ప్రస్తుతం యార్డు దుకాణంలో కాటా స్క్రీన్, పట్టీలు కొత్తదాంట్లో నడుస్తున్నాయి. కోల్డ్ స్టోరేజీ అద్దె లెక్క, రైతులకిచ్చిన అడ్వాన్సుల వడ్డీ లెక్క ఇంకా పాత డెల్ఫీ ఫారాల్లోనే ఉన్నాయి, పాతదీ కొత్తదీ ఒకే ఫైర్‌బర్డ్ డేటాబేస్ మీద పనిచేస్తున్నాయి. వడ్డీ లెక్క ముందు టైప్‌స్క్రిప్ట్ ఫోల్డర్‌లోకి వస్తుంది, పాత పట్టికలతో సరిచూస్తాం, స్క్రీన్ ఆ తర్వాత.